సిద్దిపేటల ఐర్లాండ్

అన్న ఓంప్రకాశ్ వీడియో కాల్ చేసినప్పుడల్ల స్నిగ్ధ ముందుగాల ఫ్యాన్ బందు చేసేది. తర్వాత కిటికీకి మందపు దుప్పటి కట్టేది. మే నెల ఎండకు పైన రేకులు కాలి అర్రంత పొయ్యి లెక్క ఉన్నా సరే, గదువ దాక స్వెటర్ గుంజుకొని, తెల్లగోడకు ఆనుకొని కూసొని, అప్పుడు ఫోన్ ఎత్తేది.

“తిన్నవా చెల్లె?”

“ఇంకా లేదన్నా. గీడ ఇప్పుడే మధ్యాహ్నం అయితుంది. క్లాస్ నుంచి వచ్చిన.”

“సలి ఎట్లుంది?”

“మస్తుంది.”

వీపు మీద చెమట కారుతుంటె ఆ మాట అనేది. ఆమె ఐర్లాండ్‌ల లేదు. సిద్దిపేటల, దోస్తు సాహితి కిరాయికుండే మీది అర్రల ఉన్నది. కోహెడల అన్న నడిపే బట్టల దుకాణానికి, ఈ అర్రకు నడుమ బస్సుల గంట తొవ్వ.

ఒకనాడు ఇట్లనే మాట్లాడుతుంటె కింద గల్లీల ఆటో వచ్చి ఆగింది. మైకుల ‘ఉల్లిగడ్డలో, ఉల్లిగడ్డ’ అని ఒకటే మోత. ఓంప్రకాశ్ చెవి రిక్కించిండు.

“ఏందే, గాడ గూడ ఉల్లిగడ్డల ఆటో వస్తదా?”

“పక్క అర్ర పిల్ల ఫోన్ల తెలుగు వీడియో చూస్తుందన్నా.”

అన్న నవ్విండు. ఆమె గూడ నవ్వింది. ఫోన్ పెట్టేసినంక మాత్రం, స్వెటర్ ఇడువకుంటనే లేసి, కిటికీకి ఇంకో దుప్పటి కట్టింది.

కోహెడల బట్టలు నేసే సాలోల్ల ఇండ్లల్ల చదువు కోసం దేశం దాటిన మొదటి ఆడపిల్ల స్నిగ్ధ. మొగోల్లు భీవండి పోయిన్రు, దుబాయి పోయిన్రు. ఓంప్రకాశ్ గూడ నాయిన ఉప్పలయ్య సచ్చిపోయినంక భీవండిల పవర్‌లూమ్‌ల పనిచేసి, ఆడ కూడవెట్టిన దాంతోని ఊర్ల చిన్న బట్టల దుకాణం పెట్టిండు. రోడ్డు పక్కన ఇల్లు కట్టుకుందామని ఒక జాగ కొన్నడు. చెల్లెకు ఐర్లాండ్‌ల సీటు వచ్చిందనంగనే ఆ జాగ అమ్మిండు. “ఇల్లు ఎప్పుడన్న కట్టుకోవచ్చు. చదువుకు వయసు మల్ల రాదు” అన్నడు. వదినె విజయరాణి ఆ దినం బువ్వ తినలేదు. అట్లని ఒక్క మాట గూడ అనలేదు. చెల్లె విమానం ఎక్కిన నాడు అన్న బస్ స్టేజీ కాడ ఆమె ఫోటో తోని ఫ్లెక్సీ కట్టించిండు.

గా ప్రేమకే ఆమె జవాబు చెప్పలేకపోయింది.

ఐర్లాండ్‌ల దిగిన కొత్తల అన్న అడిగిండు, “ఖర్సులు ఎట్లున్నయి బిడ్డా, ఎల్లుతుందా?” అని. “ఏం రంది లేదన్నా, కిరాయి తక్కువనే. పార్ట్ టైం పని తోని ఎల్లిపోతది” అన్నది. అప్పటికి ఆమెకు ఉండను జాగనే దొర్కలేదు. అన్న రంది పడతడని ఆడిన చిన్న అబద్ధం అది. వారం తిరిగేసరికి దాన్ని నిలవెట్టుకోను ఇంకోటి ఆడవలసి వచ్చింది. చలికాలం నడిమిట్ల, ఎట్లనో దొర్కిన ఇంటి ఓనరు గూడ ఇల్లు అమ్ముకొని అందరిని బయటికి పంపిండు. పనిచేసే హోటల్ మూతపడ్డది. సూట్‌కేసు పట్టుకొని వాల్ల ఇంట్ల నాలుగు దినాలు, వీల్ల ఇంట్ల నాలుగు దినాలు నేల మీద పండుకున్నది. రెండో కిస్తు ఫీజుకని అన్న పంపిన పైసలు కిరాయికి, తిండికి, బస్సులకు మంచు తీరుగ కరిగినయి. ఆఖరికి మిగిలిన దాంతోని టికెట్ కొనుక్కొని, ఎవ్వలకు చెప్పకుంట జనవరిల తిరిగొచ్చింది.

ఇంటికి పోదామనే వచ్చింది. హైదరాబాద్ నుంచి సిద్దిపేట బస్టాండుల దిగితె ఎదురుంగ కోహెడ బస్సు నిలవడి ఉన్నది. ఎక్కేటోల్లల్ల ఇద్దరు ముగ్గురు ఎరికైనోల్లే. దిగంగనే అడుగుతరు, “ఏం బిడ్డా, అప్పుడే వచ్చినవ్?” అని. అన్న దుకాణం ముంగట నిలబడి ఏం చెప్పాలె? జాగ పోయింది, ఫీజు పోయింది, చదువు పోయిందని ఏ నోటితోని చెప్పాలె? బస్సు కదిలి పోయింది. ఆమె కదలలేదు. తర్వాత బస్సు గూడ పోయింది. పొద్దుమీకినంక సాహితికి ఫోన్ చేసింది. డిగ్రీల ఒక్క బెంచీ మీద కూసున్న దోస్తు, ఇప్పుడు ఒక ప్రైవేట్ బడిల టీచరు. “రెండొద్దులు ఉండి, ధైర్యం చేసుకొని పో” అన్నది సాహితి.

ఆ రెండొద్దులు నెలలైనయి.

కింద ఉండే ఇంటి ఓనరు విజయమ్మకు, పిల్ల గ్రూప్ పరీక్షలకు చదువుతుందని చెప్పిన్రు. స్నిగ్ధ లాప్‌టాప్‌ల ఎవల్లకో టైపింగ్ పనులు చేసి తన తిండి ఖర్సు ఎల్లదీసుకునేది. అన్నను మల్ల ఒక్క రూపాయి అడగలేదు. బయటికి పోవాల్నంటె మొఖానికి స్కార్ఫు, కండ్లకు అద్దాలు. కోహెడోల్లకు పెండ్లి బట్టలు కావాల్నన్నా, దవాఖానకు పోవాల్నన్నా సిద్దిపేటే గద. ఏ గల్లీ మలుపుల ఎవలు ఎదురొస్తరో తెల్వది. డిగ్రీ చదివేటప్పుడు కోమటి చెరువు కట్ట మీద నవ్వుకుంట తిరిగిన పిల్ల, ఇప్పుడు పాల పాకిట్ కోసం గూడ గోడ పొంటి నడిచేది. ఐర్లాండ్‌ల ఆమెకు జాగ లేకుండె గని తిరగనీకె తొవ్వ ఉండె. ఈడ ఎరికైన ప్రతి తొవ్వ మూసుకపోయింది.

జూన్‌ల అన్న ఫోన్ చేసి, “అవ్వకు కంట్ల పొర వచ్చింది. సిద్దిపేటకు తోల్కొచ్చిన” అని చెప్పి అవ్వకు ఫోన్ ఇచ్చిండు. అన్న చెప్పిన దవాఖాన స్నిగ్ధ ఉండే అర్రకు రెండు గల్లీల అవతలనే ఉన్నది.

“నువ్వుంటె చెయ్యి వట్టుకొని తోల్కపోయేదానివి బిడ్డా” అన్నది వాల్ల తల్లి కొమురవ్వ. “గీ మెట్లు సక్కగ అవుపడ్తలేవు.”

ఫోన్ పెట్టేసి స్కార్ఫు చుట్టుకొని ఉరికింది. రోడ్డుకు ఇవతల జిరాక్స్ దుకాణం పక్కకు నిలవడ్డది. దవాఖాన మెట్ల మీద అవ్వ ఒక్కతే కూసోని ఉన్నది. కండ్లల్ల చుక్కల మందు ఏసినట్టున్నరు, రెప్పలు సగం మూసుకొని ఉన్నది. అన్న మందుల కోసం పోయినట్టుంది. అవ్వ చేతి సంచి జారి కింద పడ్డది. ముందుకు వంగి, చేతితోని మెట్టు మీద తడుముకుంట సంచి దేవులాడుతుంది. స్నిగ్ధ ఒక అడుగు రోడ్డు మీదికి ఏసింది. అప్పుడే అన్న బయటికొచ్చిండు. ఏసిన అడుగు ఎనుకకు తీసుకున్నది. ఇద్దరు బండెక్కి పోయిందాక జిరాక్స్ దుకాణపోడు, “ఏం కావాలె మేడం?” అని అడుగుతనే ఉన్నడు.

అసలు బుగులు ఆ తర్వాత మొదలైంది.

వదినె తోడవుట్టినోడు సుధాకర్‌ది బెజ్జంకి. ఎరువుల దుకాణం నడుపుతడు. ఆయన బిడ్డ సాత్వికకు గూడ ఐర్లాండ్‌ల అదే పట్నంల సీటు వచ్చింది. “ఏం ఫికర్ లేదు బావా, మా చెల్లె ఉన్నది గద, దాని రూంలనే ఉంటది” అని ఓంప్రకాశ్ మాట ఇచ్చిండు. మరునాటి సంది సాత్విక మెసేజులు. వరుసకు చిన్నమ్మ అయినా ‘అక్కా’ అనే పిలిచేది. ‘కుక్కర్ తెచ్చుకోవాల్నా అక్కా? నీ మంచం పక్కన ఇంకో మంచం పడతదా? కిటికీలకెల్లి ఏం కనవడతది?’

స్నిగ్ధ ముందుగాల రూంల జాగ లేదన్నది. నేల మీద పండుకుంటదన్నరు. అప్పుడు ఇగ నిజం చెప్పసాగింది. కిరాయిలు మస్తున్నయని, ముందే రూం దొర్కకుంట రావొద్దని, పార్ట్ టైం నమ్ముకుంటె ఆగమైతరని అన్నకు ఫోన్ల చెప్పింది. పక్కన ఇంటున్న వదినె ఫోన్ గుంజుకున్నది.

“మొన్నటి దాక తక్కువ ఖర్సంటివి. మా అన్న బిడ్డ వస్తదనంగనే ఎక్కువైందా? నీ కోసం మేము జాగ అమ్ముకుంటె నోరు తెరవలేదు. మా పిల్లకు గింత నీడ ఇయ్యనీకె నీకు బరువైతుందా?”

“అట్ల కాదు వదినె...”

“ఎట్లనో చెప్పు మరి. నువ్వు మంచిగనే ఉంటివి గద ఆడ?”

ఆడ మంచిగున్న మనిషి నోట్లెకెల్లి వచ్చే నిజం ఎవలకు నిజం లెక్క ఇనవడది. చెప్పనీకె ఉన్న ఒక్క సాక్ష్యం తనే. తను గీడ ఉన్నదన్న సంగతే.

సాహితి మొత్తుకున్నది. “ఆ పిల్ల విమానం దిగి నీకు ఫోన్ చేస్తదే. అప్పుడేం చెప్తవ్?” స్నిగ్ధ గోడ దిక్కు తిరిగి పండుకునేది. వీసా రాకపోతె మంచిగుండు అని మొక్కుకున్నది. వీసా వచ్చింది.

ఆగస్టుల, వాన తుంపర్లు పడుతుంటె, సాత్విక ఫోన్ చేసింది.

“అక్కా, నాయిన నేను సిద్దిపేటల ఉన్నం. లాల్ కమాన్ కాడ సూట్‌కేసులు చూస్తున్నం. ఎంత పెద్దది తీసుకోమంటవ్?”

ఆ గొంతుల సంబురం ఇనంగనే స్నిగ్ధ నోరు దానంతటదే తెరుచుకున్నది.

“కొనకు. ఆడనే ఉండు. నేను వస్తున్న.”

“ఏడికి?”

ఫోన్ పెట్టేసింది. స్కార్ఫు మర్చిపోయి ఉరికింది. దుకాణంల సుధాకర్ ఒక పెట్టె చక్రాలు తిప్పి చూస్తుండు. తలెత్తి చూసి, గుర్తువట్టి, నవ్వబోయి ఆగిపోయిండు. సాత్విక చేతుల ఫోన్‌ను, ఎదురుంగ ఉన్న మనిషిని మార్చి మార్చి చూసింది.

“ఎప్పుడొచ్చినవమ్మా?” అన్నడు సుధాకర్.

“జనవరిల బావా. అర్రకు రాండ్రి, అంత చెప్త.”

అర్రల నేల మీద ముగ్గురు కూసున్నరు. స్నిగ్ధ చాయ్ పెట్టింది. ఎవ్వలు తాగలేదు.

“నాకు రూం దొర్కలేదు సాత్వికా. మంచం గూడ దొర్కలేదు. సగం మంచం దొర్కింది” అన్నది.

సాత్వికకు అర్థం కాలేదు.

“ఒక కేరళ ఆమె రాత్రి పూట ముసలోల్ల ఆశ్రమంల పనిచేసేది. ఆమె పగలు పండుకునేది, నేను రాత్రి పండుకునేది. పరుపు ఒక్కటే. దిండు కవరు ఎవలది వాల్లకే. క్లాస్ తొందరగ అయిపోతె ఇంటికి పోరాదు, ఆమె లేసేదాక లైబ్రరీల కూసోవాలె. ఒకనాడు నాకు జరం వచ్చింది. పగటి పూట ఒరుగను జాగ లేదు. వంటింట్ల కుర్చీల కూసొని బల్ల మీద తల పెట్టుకున్న. ఎవలో వచ్చి, కూరగాయలు కోసుకోవాలె, జర జరుగు అన్నరు. ఆ దినం మా అన్న ఫోన్ చేస్తె, పరుపు మెత్తగున్నదని చెప్పిన.”

సుధాకర్ తల కిందికేసుకున్నడు. సాత్విక కండ్లల్ల నీల్లు వచ్చినయి గని అవి జాలి నీల్లు కావు.

“నేను ఆడ దిగి నీకు ఫోన్ చేస్తుంటి అక్కా. అప్పుడేం చెప్దామనుకున్నవ్?”

సాహితి అడిగిన మాటనే. “తెల్వది” అన్నది స్నిగ్ధ. అంతకన్న నిజమైన మాట ఆమె దగ్గర లేదు.

సుధాకర్ లేసిండు. “ఫీజు కట్టినం, ఇప్పుడు ఆగలేం. గని మంచం దొర్కినంకనే టికెట్ కొంట. బావకు నువ్వు చెప్తవా, నన్ను చెప్పమంటవా?”

“నేనే చెప్త.”

ఫోన్ల అంత ఇన్న ఓంప్రకాశ్ ఆ పూటనే వచ్చిండు. వానకు తడిసి దర్వాజ కాడ నిలవడ్డడు. కిటికీకి కట్టిన దుప్పటి, కొక్కేనికున్న స్వెటర్, మూలకు చాప చూసిండు. తిడతడనుకున్నది. కొట్టినా బాగుండుననుకున్నది. అన్న చాప మీద కూసొని, “గీడ్నా ఉన్నవ్” అని మాత్రం అన్నడు. తర్వాత గోడ దిక్కు చూసుకుంట మెల్లగ చెప్పిండు.

“ఊరికి ఇప్పుడే రాకు. ఇయ్యాల నలుగురు నా దుకాణం ముంగట ఆగి మాట్లాడుతున్నరంటె నీ వల్లనే. దసరాకు లీవు మీద వచ్చినట్టు చెప్దాం. ఆ తర్వాత ఏదో ఒకటి ఆలోచిద్దాం.”

“అవ్వకు?”

“అవ్వ కడుపుల మాట ఆగదు. ఎవ్వలకు చెప్పకు. సుధాకర్ బావకు గూడ నోరు తెరవొద్దని చెప్పిన.”

చెప్పేస్తె బరువు దిగుతదనుకున్నది ఆమె. దిగలేదు. ఇంతకు ముందు ఆ అబద్ధం ఆమె ఒక్కదానిది. ఇప్పుడు దానికి అన్న కావలి కూసున్నడు. మల్ల వారం నుంచి దుకాణంల జనం ఉన్నప్పుడే ఫోన్ చేసేటోడు. “ఇగో, మా చెల్లె ఐర్లాండ్‌ల నుంచి. మాట్లాడున్రి” అని స్పీకర్ పెట్టేటోడు. ఎవలో గిరాకి ఆమె అడిగేది, “గాడ బువ్వ దొర్కుతదా బిడ్డా?” అని. “దొర్కుతది” అనేది స్నిగ్ధ. అన్న తెర మీద నవ్వుకుంట ఉండేటోడు. ఆ నవ్వు మొఖంల ఆమెకు తన మొఖమే అవుపడేది.

అట్లాంటి ఒక మధ్యాహ్నం ఫోన్ అవ్వ చేతికి వచ్చింది. అవ్వకు ఈ నడుమనే కంటి ఆపరేషన్ అయ్యింది. ఎనుక బెంచీ మీద చీరెలు చూస్తున్న ఆడోల్లు ఉన్నరు.

“కన్ను మంచిగ అవుపడ్తుంది బిడ్డా” అన్నది కొమురవ్వ, ఫోన్ దగ్గరికి పెట్టుకొని. “ఏంది, గట్ల సిక్కిపోయినవ్? మెడ నిండ గా చెమట ఏంది? గాడ సలి గద?”

స్నిగ్ధ తెర మీద అవ్వ ఎనుకున్న అన్న దిక్కు చూసింది. అన్న తల అడ్డంగ ఊపుతుండు.

“అవ్వా, నేను సిద్దిపేటల ఉన్న.”

“ఏడ?”

“సిద్దిపేటల. జనవరి సంది గీడ్నే ఉన్న.”

తెర నల్లగైంది. అన్న కట్ చేసిండు. మల్ల ఆ దినమంత ఫోన్ మోగలేదు. సాహితి బడి నుంచి వచ్చేసరికి స్నిగ్ధ స్వెటర్ మడత పెట్టుకుంట కూసున్నది. “చెప్పేసిన” అన్నది.

తెల్లారి పొద్దుగాల కింది నుంచి ఇంటి ఓనరు విజయమ్మ పిలిచింది, ఎవలో పెద్దామె వచ్చిందని. కండ్లకు నల్లద్దాలు పెట్టుకొని, చేతుల సంచితోని కొమురవ్వ మెట్లు ఎక్కుతుంది. కొడుకును అడిగి తొవ్వ తెలుసుకొని, వాడు వద్దన్నా ఒక్కతే వచ్చింది. స్నిగ్ధ ఉరికి చెయ్యి వట్టుకున్నది. అవ్వ ఆ చెయ్యి ఇడిపించుకోలేదు, దగ్గరికి గూడ తీసుకోలేదు. అర్రలకొచ్చి, ఆయాసం తగ్గినంక అన్నది.

“సముద్రాలు దాటి రానేర్చినవ్. గీ గంట తొవ్వ రానేర్వకపోతివా?”

స్నిగ్ధ నేల మీద కూలవడి ఏడ్చింది. ఐర్లాండ్‌ల ఏడ్వలేదు, బస్టాండుల ఏడ్వలేదు, ఇప్పుడు చిన్నపిల్ల లెక్క ఎక్కెక్కి ఏడ్చింది. కొమురవ్వ ఆపలేదు. ఏడుపు దానంతటది సల్లారినంక, “దవాఖానకు వచ్చిననాడు గీడ్నే ఉంటివా?” అని అడిగింది.

“ఉంటి. రోడ్డుకు ఇవతల నిలవడి చూసిన.”

అవ్వ నల్లద్దాలు తీసి, తుడుచుకొని, మల్ల పెట్టుకున్నది. ఆ సంగతి మల్ల ఎన్నడు ఎత్తలేదు. కొడుక్కు ఫోన్ చేసి ఒక్కటే మాట చెప్పింది. “నువ్వొచ్చి ఇద్దరిని తోల్కపో. లేకుంటె నేను గూడ గీడ్నే ఉంట. నన్ను గూడ ఐర్లాండ్ పోయిందని చెప్పుకో.”

ఓంప్రకాశ్ ఆటో తీసుకొని వచ్చిండు. “పొద్దు గూకినంక పోదామవ్వా” అన్నడు. “ఎందుకు, మనం దొంగతనం చేసినమా?” అని అవ్వ ముందుగాల పోయి ఆటోల కూసున్నది.

ఊర్ల వారం పది దినాలు అదే ముచ్చట. ముందటికొచ్చి అయ్యో అన్నోల్లు ఉన్నరు, మలుపు తిరిగినంక నవ్వినోల్లు ఉన్నరు. అన్న దుకాణం కాడ కూసునేటోల్లు తక్కువైన్రు. అన్న ఇంట్ల తిన్నంక చెయ్యి కడుక్కొని లేసిపోయేటోడు. ఆమె మొఖం దిక్కు చూసేటోడు కాదు. సాత్విక నెల ఆలస్యంగ, చేతిల రూం కాయితం పట్టుకొనే విమానం ఎక్కింది. పోయే ముంగట స్నిగ్ధకు ఫోన్ చేయలేదు. దిగినంక మాత్రం ఒక మెసేజు పెట్టింది. ‘మంచం చిన్నగున్నది. మొత్తం నాదే.’ స్నిగ్ధ దాన్ని మస్తు సార్లు చదువుకున్నది.

వదినె విజయరాణి మాత్రం ఆడబిడ్డతోని మాట్లాడనే లేదు. పల్లెం పెట్టేది, గిలాస పెట్టేది, పక్క నుంచి పోయేది. ఒకనాడు పొద్దుగాల స్నిగ్ధ వాకిలి ఊడుస్తుంటె వచ్చి, చీపురు తీసుకొని, దుకాణం తాళపుచెవులు చేతుల పెట్టింది.

“ఇయ్యాల సంది దుకాణం నువ్వు తెరువు. పొద్దంత కూసోవాలె. వచ్చినోల్లు నూరు తీర్లు అడుగుతరు, అన్నిటికి నువ్వే జవాబు చెప్పాలె. మీ అన్నతోని అయితలేదు.”

అది శిక్షనో, నమ్మకమో స్నిగ్ధకు తెల్వలేదు. వదినె మొఖంల ఏం అవుపడలేదు.

“సరే వదినె” అని, చెప్పులేసుకొని పోయింది.